అవిసె గింజ

(లిథువేనియా. షెషూపె నది ఒడ్డు. సొంత అక్షరాల్లో పుస్తకం అచ్చువేయడం నేరమైన రోజులు గడిచిపోయిన చాలా ఏళ్లకు.)

బల్త్రుస్ మామా, కొంచెం జరుగు.
మంచు మీద కూర్చుంటే మోకాళ్లు ఊరుకోవడం లేదు.
నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేని మాట ఇది,
నీకు చెప్పక్కర్లేని మాట కూడా.

నాకప్పుడు తొమ్మిదేళ్లు.
నోట్లో గింజ నానని పిల్లనని ఊరంతా ఎగతాళి.
ఆ రాత్రి మా తేనెపెట్టెల దగ్గర నిన్ను చూశాను.
గడ్డకట్టిన నది మీద పాక్కుంటూ వచ్చావు కాబోలు,
మోచేతుల దగ్గర కోటు చిరిగిపోయింది.
కోటు విప్పితే లోపల ఇంకో మనిషంత పుస్తకాలు.
ఈగలు చచ్చి ఖాళీ అయిన పాత పెట్టెలో
పొయ్యిలో రొట్టెలు పెట్టినట్టు
ఒక్కొక్కటే లోపలికి తోశావు.

నన్ను చూసి నువ్వు భయపడలేదు.
అదే నన్ను భయపెట్టింది.
జేబులోంచి నల్ల రొట్టె తీసి, ఉప్పద్ది,
దాని మీద నా చెయ్యి పెట్టించావు.
"నేను చెప్పమనేదాకా" అన్నావు.
అంతే. దేవుడి పేరు కూడా తేలేదు.
సగం నువ్వు తిన్నావు, సగం నేను.
అరిగి ఒంట్లో కలిసిన ఒట్టుని
ఎలా వెనక్కి తీస్తారు ఎవరైనా?

అమ్మ పసిగట్టింది. ఏమిటని అడగలేదు.
పొద్దున్నే నాలుక కింద అవిసె గింజ పెట్టి
"ఇది కరిగాక మాట్లాడు" అంది.
అవిసె గింజ కరగదు మామా, జిగురుకడుతుంది.
నాలుకని అంగిటికి అంటించేస్తుంది.
జెండార్మ్ వచ్చాడు,
ముందు పంచదార బిళ్ల చూపించాడు, తర్వాత కొరడా.
అది తేలికే.

నువ్వు వాళ్లతో కూర్చుని తాగేవాడివి,
వాళ్ల గుర్రాలకు నాడాలు కొట్టేవాడివి,
ఏ రాత్రి ఏ దారి కాస్తారో
ఆ గ్లాసుల మధ్యే వినేవాడివి.
ఊరికి గ్లాసులే కనబడ్డాయి.
నీ గుమ్మం మీద ఉమ్మేశారు.
మా నాన్నా ఉమ్మేశాడు,
నువ్వు మోసుకొచ్చిన ప్రార్థన పుస్తకం
చంకలో పెట్టుకునే.
నేను పక్కనే ఉన్నాను. నోట్లో గింజ.

బావి దగ్గర నీ వెరోనికాని
"కుక్క కూతురా" అని పిలిచేవారు పిల్లలు.
నేను అనలేదు.
అనలేదు, అంతే. ఆపనూ లేదు.

నీ పెట్టె మొయ్యడానికి నలుగురు దొరకలేదు,
ఇద్దరిని పక్క ఊరి నుంచి కూలికి తెచ్చారు.
ఆ మరుసటి వసంతంలోనే నిషేధం ఎత్తేశారు.
సంతలో ఉల్లిపాయల పక్కన పుస్తకాలు!
చక్రవర్తి మాట మార్చుకున్నాడు, బాగుంది.
నాకు చెప్పమనాల్సిన నోరు
మట్టిలో ఉంది.

ఒట్టు తీసి గట్టున పెట్టెయ్, ఎవరు చూడొచ్చారు,
అని ఎన్ని రాత్రులు నాకు నేనే చెప్పుకున్నానో.
నువ్వు చూశావు కదా.
ఊరంతా వాగుడుకాయ అన్న పిల్లని
ఒక్కసారి పైనుంచి కిందికి చూసి
రొట్టె తీశావు కదా.

నిన్న వెరోనికా జల్లెడ అప్పుకి వచ్చింది.
అరలోంచి నాన్న పుస్తకం తీసి
ఆమె చేతిలో పెట్టాను.
వెనక అట్ట మీద మైనం మరక,
మరకలో బొటనవేలి ముద్ర,
గొడ్డలి దెబ్బకి చీలి వంకరగా అతుక్కున్న వేలు.
ఆమెకి చదవడం రాదు.
ఆ ముద్రలో తన వేలు పెట్టి
జల్లెడ సంగతి మర్చిపోయి
దీపం పెట్టే వేళదాకా కూర్చుంది.
నేను పెదవి విప్పలేదు మామా.
ఆమె ఏమీ అడగలేదు.

ఇది మాట తప్పడమేనా?

రొట్టె తెచ్చాను. ఉప్పు కూడా.
సగం ఇక్కడ పెడుతున్నా.